సముద్రాన్ని పుస్తకం చేసిన ఉద్యోగిని – రేచెల్ కార్సన్

రేచెల్ కార్సన్ పేరు మనకు పర్యావరణం పాఠం దగ్గర తగులుతుంది. పురుగుమందుల మీద ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే పుస్తకం రాసిన అమెరికా శాస్త్రవేత్త అని ఒక వాక్యం, పక్కన తపాలా బిళ్ళంత ఫొటో. ఒక మార్కు ప్రశ్నకు అది చాలు. అయితే ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు 55 ఏళ్ళు. దానికి ముందు పదహారేళ్ళ పాటు ఆమె కేంద్ర ప్రభుత్వోద్యోగి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి ఫైళ్ళు చూసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంటి ఖర్చుల లెక్క చూసుకున్న మనిషి. మనలో చాలామంది ఇళ్ళలో అమ్మో నాన్నో చేసేది అదే. అందుకే ఆమె జీవితంలో ఎక్కువమంది చదవకుండా దాటేసే ఆ ఆఫీసు రోజుల దగ్గరే మేము ఎక్కువసేపు ఆగాం.

1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో రేచెల్ పుట్టింది. ఊరిని ఆనుకుని అలెఘేనీ నది. దాని వెంట కొంత దూరం దిగువకు పోతే ఉక్కు కర్మాగారాల నగరం పిట్స్‌బర్గ్. కార్సన్ల ఇంటి చుట్టూ దాదాపు 65 ఎకరాల నేల ఉండేది. ఆపిల్ చెట్లు, కోళ్ళు, కొంత అడవి. ఎకరాల లెక్క విని వీళ్ళు కలిగినవాళ్ళు అనుకోకూడదు. ఆ ఇంట్లో కుళాయి లేదు. తండ్రి బీమా పాలసీలు అమ్మేవాడు, చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఊళ్ళో జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని కంపు ఊరంతా కొట్టేది.

తల్లి మరియా పెళ్ళికి ముందు టీచరు. పెళ్ళయిన ఆడవాళ్ళను బడిలో ఉంచుకోని రోజులవి కాబట్టి ఉద్యోగం వదిలేసింది. ముగ్గురు పిల్లల్లో రేచెల్ ఆఖరిది. అక్క, అన్న వయసులో బాగా పెద్దవాళ్ళు కావడంతో వాళ్ళు బడికి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది తల్లీ చిన్నకూతురూ. ఇద్దరూ అడవిలో తిరిగేవాళ్ళు. ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టింది, ఏ పువ్వు ఏ నెలలో పూస్తుంది, ఇదే వాళ్ళ చదువు. ఇంట్లోకి పురుగు వస్తే మరియా దాన్ని చంపేది కాదు, పట్టి బయట వదిలేది. టీచరుగా తరగతి గదిలో చెప్పలేకపోయిన పాఠాలన్నీ ఆమె ఈ ఒక్క పిల్లకే చెప్పింది.

రేచెల్ రాయడం కూడా చాలా చిన్నప్పుడే మొదలుపెట్టింది. తండ్రికి ఇవ్వడానికి జంతువుల బొమ్మలు వేసి, వాటి కింద ప్రాసల మాటలు రాసి ఒక బుల్లి పుస్తకం కుట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు ఇల్లు వెతుక్కునే ఒక పిట్టల జంట గురించి కథ రాసింది. ఆ రోజుల్లో అమెరికా పిల్లలకు ‘సెయింట్ నికొలస్’ అనే మాసపత్రిక ఉండేది. మన ‘చందమామ’, ‘బాలమిత్ర’ల లాంటిదనుకోవచ్చు, కాకపోతే అందులో పిల్లలు రాసిన వాటికే కొన్ని పేజీలు విడిగా ఉంచేవారు. మంచివాటికి వెండి బ్యాడ్జి, ఇంకా మంచివాటికి బంగారు బ్యాడ్జి. యుద్ధంలో ఉన్న అన్న ఇంటికి రాసిన ఉత్తరంలోంచి ఒక విమాన సాహసి సంగతి తీసుకుని రేచెల్ కథ రాసి పంపింది. 1918 సెప్టెంబరు సంచికలో అది అచ్చయింది, వెండి బ్యాడ్జి వచ్చింది. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. మన ఆరో తరగతి వయసు.

తరువాత మరికొన్ని అచ్చయ్యాయి. 1922లో వచ్చిన వ్యాసంలో యుద్ధాలు లేవు, విమానాలు లేవు. పొద్దున్నే అడవిలోకి వెళ్ళి పక్షి గూళ్ళు వెతకడం గురించి రాసింది. తన వస్తువు ఏమిటో ఆ పిల్లకు పదిహేనేళ్ళకే తెలిసిపోయిందని ఇప్పుడు చూస్తే అనిపిస్తుంది. పెద్దయ్యాక రచయిత్రి కావాలి, తన చుట్టూ ఉన్న ప్రాణుల గురించి రాయాలి. ఆమె కల అదే.

ఆ కలను ఆమె ఎందుకు వదిలేసింది?

1925లో రేచెల్ పిట్స్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో చేరారు. ఫీజు కోసం తల్లి కోళ్ళు అమ్మింది, ఆపిల్ పండ్లు అమ్మింది, పియానో పాఠాలు చెప్పింది, చివరికి ఇంట్లో ఉన్న మంచి పింగాణీ సామాను కూడా అమ్మేసింది. రేచెల్ తీసుకున్నది ఇంగ్లీషు సాహిత్యం. అందరూ ఊహించినదీ అదే. అయితే సైన్సు ఒకటి తప్పనిసరిగా చదవాలన్న నియమం ఉండడంతో ఆమె జీవశాస్త్రం క్లాసులో కూర్చున్నారు. అక్కడ పాఠం చెబుతున్నది మేరీ స్కాట్ స్కింకర్. ఆ క్లాసులు రేచెల్‌ను ఎంత పట్టేశాయంటే, మూడో ఏట ఆమె ఇంగ్లీషు వదిలి జీవశాస్త్రంలోకి మారిపోయారు. స్నేహితురాళ్ళు ఆశ్చర్యపోయారు, పెద్దవాళ్ళు వద్దన్నారు. చక్కగా రాసే అమ్మాయి, సైన్సులో ఆడవాళ్ళకు ఉద్యోగాలు ఎక్కడున్నాయి అన్నది వాళ్ళ బెంగ. అది అబద్ధమేమీ కాదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సైన్సు తీసుకుంటే రాయడం మానేసినట్టే అని రేచెల్ కూడా నమ్మారు. రెండు దారులున్నాయి, ఒకదానిలోకి వెళితే రెండోది మూసుకుపోతుంది అనుకున్నారు. పదో తరగతి తరువాత ఏ గ్రూపు తీసుకోవాలి అని మన ఇళ్ళలో జరిగే చర్చల్లో ఇలాంటి మాటే వినిపిస్తుంది. అంత తెలివైన అమ్మాయికి కూడా ఆ రెండూ ఒకే దారి కావచ్చునని తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇంకో విచిత్రం. సముద్రం గురించి ప్రపంచానికి చెప్పిన ఈ మనిషి 22 ఏళ్ళు వచ్చేవరకు సముద్రాన్ని చూడనే లేదు. స్ప్రింగ్‌డేల్‌కు తీరం చాలా దూరం. పుస్తకాల్లో చదవడమే. కళాశాల హాస్టల్లో ఒక తుఫాను రాత్రి టెన్నిసన్ పద్యం చదువుతుంటే తన బతుకు సముద్రంతో ముడిపడి ఉందని గట్టిగా అనిపించిందట. 1929లో డిగ్రీ చేతికొచ్చాక ఆ వేసవిలో వుడ్స్ హోల్ అనే ఊళ్ళోని సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళే అవకాశం దొరికింది. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆమె మొదటిసారి చూసింది అప్పుడే. కొన్ని వారాలే ఉన్నారు గాని, ఆటుపోట్లు, రాళ్ళకు అంటుకుని బతికే జీవులు, గ్రంథాలయం నిండా సముద్రం గురించిన పరిశోధనలు, అన్నీ ఒకేచోట దొరికాయి.

ఆ సంవత్సరమే అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలైంది. రేచెల్ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎం.ఎ. చేశారు. జెల్ల చేపల పిండాల్లో మూత్రపిండం ఎలా ఏర్పడుతుందన్నది ఆమె పరిశోధన. 1932లో పట్టా వచ్చింది. డాక్టరేటు మొదలుపెట్టారు గాని 1934లో డబ్బు లేక ఆపేశారు. అప్పటికి కుటుంబమంతా ఆమె దగ్గరికే వచ్చేసింది. 1935లో తండ్రి పోయాడు. ఇప్పుడు కావలసింది కల కాదు, జీతం.

ఆ జీతం వాషింగ్టన్‌లోని ఫిషరీస్ బ్యూరోలో దొరికింది. మన లెక్కలో కేంద్ర మత్స్యశాఖ అనుకోవచ్చు. ఆ శాఖ రేడియోలో సముద్ర జీవుల గురించి ఏడేసి నిమిషాల కార్యక్రమాలు 52 వేయాలనుకుంది. శాస్త్రవేత్తలకు చేపలు తెలుసు, రాయడం రాదు. రేడియో రచయితలకు రాయడం వచ్చు, చేపలు తెలియవు. ఎల్మర్ హిగిన్స్ అనే అధికారి దీనితో సతమతమవుతున్న సమయంలో రేచెల్ ఆయన గదిలోకి వెళ్ళారు. ఆమె రాసినది ఒక్కటీ చూడకుండానే ఆయన పని అప్పగించాడు. వారానికి రెండు రోజుల పని. ఆమె రాసిన స్క్రిప్టులు బాగా కుదిరాయి.

ఆ తరువాత హిగిన్స్ ఒక ప్రభుత్వ పుస్తకానికి ముందుమాటలాగా సముద్రం గురించి నాలుగు పేజీలు రాయమన్నాడు. ఆమె రాసి ఇచ్చారు. ఆయన చదివి, ఇది ప్రభుత్వ ప్రచురణకు పనికిరాదని తిప్పి ఇచ్చేశాడు. బాగాలేదని కాదు, అంత బాగున్నదాన్ని అక్కడ పాతేయడం ఇష్టంలేక. దీన్ని ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికకు పంపమని సలహా ఇచ్చి, శాఖ కోసం మామూలుగా ఇంకోటి రాయించుకున్నాడు. మంచి పై అధికారి అంటే ఇలా ఉండాలి అని మాకు అనిపించింది. రేచెల్ మాత్రం ఆ కాగితాలను వెంటనే పంపలేదు, సొరుగులో పెట్టేశారు.

1936లో ఆమె సివిల్ సర్వీస్ పరీక్ష రాశారు. అభ్యర్థులందరిలో ఎక్కువ మార్కులు ఆమెవే. జూనియర్ జలజీవ శాస్త్రవేత్తగా పూర్తికాలపు ఉద్యోగం వచ్చింది. ఆ శాఖలో ఇలాంటి ఉద్యోగంలో చేరిన మహిళల్లో ఆమె రెండో మనిషి. కాస్త ఊపిరి పీల్చుకునేలోగా 1937 జనవరిలో అక్క చనిపోయింది. అక్కకు ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరూ ఇంకా బడి పిల్లలు. మన వరుసల్లో రేచెల్ వాళ్ళకు పిన్ని. ఆమే వాళ్ళను తెచ్చుకుని పెంచారు. తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. అప్పుడు సొరుగులో ఉన్న ఆ కాగితాలు గుర్తొచ్చాయి. కొంత దిద్ది పంపారు. 1937 సెప్టెంబరు సంచికలో అచ్చయింది. ‘సెయింట్ నికొలస్’లో మొదటి కథ అచ్చయి సరిగ్గా పందొమ్మిదేళ్ళు.

తాను దేనికోసమైతే రాయడం వదిలేశానని అనుకున్నారో, ఆ సైన్సే తనకు రాయడానికి వస్తువు ఇచ్చిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. వుడ్స్ హోల్, ప్రయోగశాల, ఆఫీసు బల్ల మీదికి వచ్చే మత్స్యశాఖ నివేదికలు, అన్నీ సరుకే. ఆ వ్యాసం చదివిన ఒక ప్రచురణ సంస్థ సంపాదకుడు పుస్తకం రాయమని ఉత్తరం రాశాడు.

పగలు ఆఫీసు, రాత్రి రాత. పిల్లలు నిద్రపోయాక కూర్చునేవారు. పిల్లులు కాగితాల పక్కన పడుకునేవి. తల్లి టైపు చేసి పెట్టేది. ఆ పుస్తకం ‘అండర్ ది సీ విండ్’. మొదటి భాగంలో అలల అంచున పరుగులు తీసే ఉల్లంకి పిట్టల జంట, రెండో భాగంలో స్కాంబర్ అనే మాకెరెల్ చేప (మన తీరంలో కానాగంతలంటామే, ఆ కుటుంబానిదే), మూడో భాగంలో చెరువులోంచి సముద్రానికి ప్రయాణం కట్టిన ఒక మలుగు. మనుషులు ఎప్పుడైనా వలతో కనిపిస్తారు తప్ప కథంతా ఆ ప్రాణులదే.

1941 నవంబరు 1న పుస్తకం వచ్చింది. మెచ్చుకున్నారు. డిసెంబరు 7న పెరల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి, అమెరికా యుద్ధంలోకి దిగింది. ఉల్లంకి పిట్టల గురించి చదివే తీరిక ఎవరికీ లేకపోయింది. రెండు వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. చిన్నప్పటి కల నిజమైన నెల రోజులకే ఇలా అయింది.

మరుసటి ఏడు ఆమెకు బదిలీ. యుద్ధ అవసరాల కోసం వాషింగ్టన్‌లో ఆఫీసులు ఖాళీ చేయిస్తూ ఆమె శాఖను చికాగోకు పంపారు. సముద్రం గురించి రాయాలనుకునే మనిషిని తీరానికి వందల మైళ్ళ దూరం పంపడం ఆర్డర్లు వేసేవాళ్ళకే తోచాలి. తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి, 1943లో మళ్ళీ వాషింగ్టన్ చేరారు. ఆ రోజుల్లో ఆమె రాసినవి, మాంసం కొరతగా ఉంది కాబట్టి జనం ఎప్పుడూ తినని రకాల చేపలు కూడా వండుకోవచ్చు అని చెప్పే ప్రభుత్వ కరపుస్తకాలు. వాటిలో కూడా ఆ చేప ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది అన్నది దూర్చకుండా ఆమె ఉండలేకపోయారు.

1949 నాటికి ఆమె శాఖ ప్రచురణలన్నిటికీ ముఖ్య సంపాదకురాలు. రెండో పుస్తకం రాత్రిళ్ళు సాగుతోంది. దానికోసం శాఖవారి పరిశోధన ఓడ ‘ఆల్బట్రాస్ 3’ మీద వెళ్ళాలనుకుంటే చిక్కొచ్చింది. అంతవరకు ఆ ఓడెక్కిన ఆడమనిషి లేదు. దాదాపు 50 మంది మగవాళ్ళ మధ్య ఒక్క మహిళ ఉండడం బాగుండదన్నారు. ఇద్దరయితే ఫరవాలేదని తేల్చారు. ఆమె తన సాహిత్య ఏజెంటును తోడు తీసుకెళ్ళి పదిరోజులు సముద్రం మీద గడిపారు. అడుగునుంచి వల పైకొచ్చినప్పుడల్లా రాత్రీ పగలూ చూస్తూ కూర్చున్నారు.

ఆ పుస్తకమే ‘ది సీ అరౌండ్ అజ్’. 1951 జూలైలో వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ వారి ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలో 86 వారాలు ఉంది. మరుసటి ఏడు నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. పదేళ్ళ కిందట ఎవరూ కొనని మొదటి పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తే అది కూడా ఆ జాబితాకెక్కింది. ఇంత సైన్సు ఒక ఆడమనిషి రాయగలదా అని అనుమానించిన పాఠకులూ ఉన్నారు. తరువాతి పుస్తకం కోసం ఒక సంస్థ ఇచ్చిన సహాయధనం ఇక అవసరం లేదని తిరిగి పంపేశారు. 1952లో ఉద్యోగానికి రాజీనామా చేశారు. మేన్ రాష్ట్రపు తీరాన చిన్న ఇల్లు కట్టుకుని, రాళ్ళ మధ్య నీటి గుంటల్లో బతికే జీవుల మీద మూడో పుస్తకం ‘ది ఎడ్జ్ ఆఫ్ ది సీ’ రాశారు. అది 1955లో వచ్చింది. 45 ఏళ్ళ వయసులో, ఇక రాయడం తప్ప వేరే పని లేని రోజు ఆమెకు వచ్చింది.

అది ఎక్కువ కాలం ఉండలేదు. 1957లో ఆమె పెంచిన అక్క కూతుళ్ళలో ఒకరు చనిపోయారు. ఆమె కొడుకుకు ఐదేళ్ళు. రేచెల్ వాడిని దత్తత తీసుకున్నారు. 1958 జనవరిలో మసాచుసెట్స్ నుంచి ఒక స్నేహితురాలి ఉత్తరం వచ్చింది. దోమల కోసం విమానంలోంచి డి.డి.టి. చల్లితే తమ పెరట్లో పిట్టలు చచ్చి పడ్డాయని. ఈ మందు గురించి రాస్తానని 1945లోనే రేచెల్ ఒక పెద్ద పత్రికను అడిగారు, వాళ్ళు వద్దన్నారు. ఈసారి ఎవరైనా రాస్తారేమో అని వెతికి, చివరికి తానే కూర్చున్నారు. సముద్రం గురించి రాయాలన్న మనసును పక్కన పెట్టి విషాల గురించి నాలుగేళ్ళు చదివారు. ఆ ఏడాది చివర్లో తల్లి పోయింది. 1960లో ఆమెకే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. బయటివాళ్ళకు చెప్పలేదు. మందుల కంపెనీలకు అది సాకు అవుతుందని ఆమె భయం.

1962 సెప్టెంబరు 27న వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’లో బలమంతా వరుస చెప్పడంలో ఉంది. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఎల్మ్ చెట్లకు తెగులు వస్తే డి.డి.టి. కొట్టారు. ఆకులు రాలాయి. వానపాములు ఆ ఆకులు తిన్నాయి, చావలేదు, విషం వాటి ఒంట్లో ఉండిపోయింది. వసంతంలో రాబిన్ పిట్టలు వచ్చి వానపాములు తిన్నాయి. పదకొండు పెద్ద వానపాములు చాలు ఒక రాబిన్ చావడానికి. అంటే కొన్ని నిమిషాల తిండి. చెట్టుకు కొట్టిన మందు పిట్టను ఎలా చంపిందో చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. పుస్తకం చివర ఆధారాల జాబితాయే 50 పేజీలు దాటింది. ఏ మందూ వాడవద్దని ఆమె ఎక్కడా అనలేదు. తెలియకుండా, లెక్కలేకుండా వాడవద్దన్నారు. కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. 1963 మేలో అధ్యక్షుడు కెనడీ నియమించిన శాస్త్రవేత్తల సంఘం మాత్రం ఆమె వైపే మొగ్గింది. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. మన దేశంలో పంటలకు వాడటం 1989లో ఆపారు, దోమల నివారణకు మాత్రం ఆ తరువాత కూడా పరిమితంగా వాడారు. అది చూడటానికి ఆమె లేరు. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ళకే వెళ్ళిపోయారు.

ఆమెకు పేరు తెచ్చింది ఈ చివరి పుస్తకమే. మాకు మాత్రం ఉల్లంకి పిట్టల పుస్తకం మీద మనసు పోయింది. ఎవరి మీదా కోపం లేకుండా, అడవిలో గూళ్ళు వెతికిన ఆ పదిహేనేళ్ళ పిల్ల రాసినట్టే ఉంటుంది.

చేయాలనుకుని చేయలేకపోయిన పని కూడా ఒకటుంది. పిల్లలకు ప్రకృతిని ఎలా చూపించాలి అన్నదాని మీద 1956లో ఆమె ఒక పత్రికకు వ్యాసం రాశారు. దాన్ని పెంచి పుస్తకం చేయాలని చివరిదాకా అనుకుంటూనే ఉన్నారు, సమయం దొరకలేదు. ఆమె పోయాక 1965లో ఆ వ్యాసాన్నే ఫొటోలతో ‘ది సెన్స్ ఆఫ్ వండర్’ అనే పుస్తకంగా వేశారు. పెద్దది కాదు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. అందులో చీకట్లో, తుఫాను వెలిసిన సముద్రపు ఒడ్డున, టార్చిలైటు పట్టుకుని ఒక చిన్న పిల్లవాడు, వాడికి అమ్మమ్మ వరుసయ్యే ఒకావిడ ఇసుకలో పీతల కోసం వెతుకుతూ ఉంటారు.